ఛాబువా చేరని విమానం

డిబ్రూగఢ్ నుంచి తిన్‌సుకియా పోయే దారిలో ఛాబువా వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా నడుమెత్తు టీ చెట్లు, వాటి మీద పలచటి నీడనిచ్చే పెద్ద చెట్లు, ఆకు తూకం వేసే రేకుల షెడ్లు. వాటి మధ్యనే మన వైమానిక దళం స్థావరం. లోపలికి ఎవరినిబడితే వాళ్లను రానివ్వరు, ఫొటోలు తియ్యనివ్వరు. గోడకు కాస్త దూరంలో ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి ఉత్తరం వైపు చూశాను. ఏప్రిల్ నెల. కొండలు కనిపించాల్సిన చోట బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు. 1944 జనవరి 25న ఒక అమెరికన్ బాంబర్ విమానం ఇక్కడి రన్‌వే మీద దిగాల్సింది. దిగలేదు. అరవై ఏళ్లు దాటాక అది ఇక్కడికి వంద కిలోమీటర్ల ఉత్తరాన, అరుణాచల్ ప్రదేశ్ కొండ అడవిలో ముక్కలుగా దొరికింది. అందులో ఎనిమిదిమంది ఉన్నారు. నేను బయలుదేరింది ఆ కొండల వైపు.

ఈ రన్‌వేలు వేసినప్పుడు రాయి మోసింది టీ తోటల కూలీలు. ఆడా మగా తలల మీద తట్టలు పెట్టుకుని రాళ్లు పోస్తే, వాటి మీద రోలర్లు తిరిగాయి. అస్సాం టీ తోటల జనంలో ఇవాళ్టికీ 'తెలంగా' అని పిలిచే కుటుంబాలున్నాయి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి సర్దార్లూ ఏజెంట్లూ రైళ్లెక్కించి పంపిన మనవాళ్ల మనవలూ మునిమనవలూ వాళ్లు. యుద్ధ చరిత్రల్లో జనరల్స్ పేర్లుంటాయి, విమానాల నంబర్లుంటాయి. ఆ తట్టలు మోసిన చేతుల లెక్క వాటిలో నాకు కనపడలేదు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1942 వసంతానికల్లా జపాన్ సైన్యం రంగూన్‌నీ, ఏప్రిల్ చివర లాషియోనూ పట్టుకుంది. దాంతో చైనాకు సరుకు చేరే బర్మా రోడ్డు తెగిపోయింది. ఆ ఏప్రిల్ 6వ తేదీనే జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసి వెళ్లాయి. యుద్ధం బంగాళాఖాతం పొడవునా ముంచుకొస్తున్న రోజులవి. చైనాలో పోరాడుతున్న సేనలకు పెట్రోలు, తూటాలు, మందులు పంపాలంటే ఇక ఆకాశమే దారి. అస్సాం నుంచి కున్మింగ్‌కి దాదాపు 800 కిలోమీటర్లు. మధ్యలో ఇరావతి, సాల్వీన్, మెకాంగ్ నదుల లోయలు, వాటిని విడదీసే 15,000 అడుగుల గట్లు. పైలట్లు ఆ దారిని హంప్ అన్నారు. యుద్ధం ముగిసేదాకా దాని మీదుగా సుమారు ఆరున్నర లక్షల టన్నుల సరుకు పోయింది. సుమారు 600 విమానాలు కూలిపోయాయి. చనిపోయినవాళ్లూ ఆచూకీ లేనివాళ్లూ కలిపి 1,600 మందికి పైనే. దూకి, అడవుల్లో నడిచి, కొండజాతుల వాళ్లు అన్నం పెట్టి దారి చూపిస్తే బతికి బయటపడినవాళ్లు దాదాపు 1,200 మంది.

ఈ లెక్కలో బాంబర్లకు ఏం పని అని ఎవరికైనా సందేహం వస్తుంది. చైనాలో ఉన్న 308వ బాంబర్ గ్రూపు దగ్గర బి-24 లిబరేటర్లు ఉండేవి. వాటికి కావలసిన పెట్రోలూ, బాంబులూ కూడా హంప్ మీదుగానే రావాలి. రవాణా విమానాలు మిగతా సేనలకు మోసిందే చాలక, ఈ బాంబర్లు తమ సరుకు తామే తెచ్చుకునేవి. శత్రువు మీదికి ఒక్కసారి వెళ్లాలంటే ముందు మూడు నాలుగు సార్లు కొండలు దాటి అస్సాం వచ్చి ట్యాంకులు నింపుకుపోవాలి. యుద్ధం చెయ్యడానికి తర్ఫీదు పొందిన కుర్రాళ్లు ఎక్కువ రోజులు సరుకు మోయడంలోనే గడిపారు. ఆ మోతలోనే చాలామంది పోయారు.

జనవరి 25న కున్మింగ్ నుంచి ఛాబువాకు బయలుదేరిన 'హాట్ యాజ్ హెల్' అనే లిబరేటర్ అలాంటి పని మీదే వస్తోంది. విమానాల ముక్కు మీద సిబ్బంది ఇలాంటి పేర్లు రాసుకునేవాళ్లు. బాంబులు వెయ్యడానికి వెళ్తే పదిమంది ఉండే విమానంలో ఆ రోజు ఎనిమిదిమంది. వాళ్లలో బాంబులు గురిచూసి వదిలే బొంబార్డియర్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్, జార్జియా రాష్ట్రంలో కాంకర్డ్ అనే చిన్న ఊరివాడు, 24 ఏళ్లు. అస్సాం లోయ మీద మబ్బు కిందికి దిగి నేలను మూసేసింది. ఆ రోజు ఆ దళం పోగొట్టుకున్న విమానం ఇదొక్కటే కాదు.

డిబ్రూగఢ్ దగ్గర బ్రహ్మపుత్ర మీద 2018లో తెరిచిన బోగీబీల్ వంతెన దాదాపు ఐదు కిలోమీటర్లు. అది దాటి ఉత్తర గట్టుకు వచ్చి, ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించి అరుణాచల్‌లో అడుగుపెట్టి పాసీఘాట్ చేరాను. సియాంగ్ నది కొండల్లోంచి మైదానంలోకి వచ్చేచోట ఉన్న ఊరిది. ఇక్కడ 2023 నవంబర్ 29న హంప్ యుద్ధ మ్యూజియం మొదలైంది. అప్పటి అమెరికన్ రాయబారి ఎరిక్ గార్సెట్టి వచ్చి ప్రారంభించారు. కొండల్లో దొరికిన విమానాల శకలాలను అక్కడ పెట్టారు. వాటిలో ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. ఒకదాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది గనక, 10,000 అడుగులు దాటితే మాస్కు పెట్టుకుని ఈ సిలిండర్ల ఆక్సిజనే పీల్చాలి. ఆ విమానాల్లో గాలి ఒత్తిడిని నిలబెట్టే ఏర్పాటు లేదు, వెచ్చదనమూ అంతంతమాత్రమే. సిలిండర్ కడుపు మీద ఇనప పట్టీలు చుట్టి ఉన్నాయి. పైన రంగు పోయి తుప్పు పొరలుగా లేచింది.

మబ్బులో ఆ విమానం దారి తప్పే తీరును మ్యూజియంలో ఉన్న పటం ముందు మనసులో గీసుకుని చూశాను. అప్పటి నావిగేటర్‌కు ఉపగ్రహాలు లేవు. చేతిలో పటం, గడియారం, దిక్సూచి, కింద భూమి కనిపిస్తే దాన్ని చూసి సరిచూసుకునే అదృష్టం, అంతే. వేగమెంత, ఎంతసేపు ఎగిరాం, గాలి ఎటు వీస్తోంది అనే మూడింటినీ కలిపి ఎక్కడున్నామో అంచనా కడతాడు. మొదటి రెండూ విమానంలోని పరికరాలు చెబుతాయి. మూడోది చెప్పేది ఎవరూ లేరు. హంప్ మీద చలికాలంలో నైరుతి గాలి గంటకు 100 మైళ్లు దాటేది. ఎదురుగాలి కనక విమానాన్ని నెమ్మది చేస్తుంది, పక్కగాలి కనక ఉత్తరానికి తోస్తుంది. ఒక గంటలో ముప్పై నలభై మైళ్లు పక్కకు జరిగినా లోపలున్నవాళ్లకు ఒంటికి ఏమీ తెలియదు. చుట్టూ తెల్లటి మబ్బు, విమానం తిన్నగానే పోతున్నట్టు ఉంటుంది.

దీనికి తోడు మంచు. లిబరేటర్ రెక్క సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ ఆకారం వల్లే అది ఎక్కువ దూరం ఎగరగలిగేది, ఆ ఆకారమే మంచుకు లొంగేది. రెక్క ముందంచున పేరుకున్న మంచు బరువు కన్నా అది రెక్క ఆకారాన్ని మార్చడమే ఎక్కువ ప్రమాదం. విమానాన్ని పైన నిలబెట్టే శక్తి తగ్గిపోతుంది, ఎత్తు చేజారుతుంది. దారి చూపాల్సిన రేడియో కంపాస్ ముల్లు ఉరుములు మెరుపుల దగ్గర తిక్కతిక్కగా తిరుగుతుంది. అప్పుడు నావిగేటర్ తన లెక్కను నమ్ముకోవాలి. కింద ఛాబువా లోయ ఉందని లెక్క చెబుతుంది. లోయ సముద్రమట్టానికి నాలుగు వందల అడుగులు కూడా లేదు కాబట్టి దిగడానికి జంకక్కర్లేదు. కాని నిజానికి కింద ఉన్నది లోయ కాదు, సియాంగ్ పక్క కొండలు. దిగినా దిగకపోయినా, ఎత్తు చేజారినా, ఆ మబ్బులో తొమ్మిది వేల అడుగుల గట్టు ఉందని చివరి క్షణం దాకా కనపడదు.

పాసీఘాట్ నుంచి షేర్ సుమోలో మారియాంగ్ మీదుగా డమ్రో వెళ్లాలి. యామ్నే నది లోయ మీద ఆ ఊరుంది. ఆది తెగలో పాదమ్ శాఖ జనం తమ పూర్వీకుల ఊరుగా చెప్పుకునే పాత ఊరు. ఇళ్లు గుంజల మీద నేల నుంచి ఎత్తుగా కట్టి ఉంటాయి. వెదురు నేల మీద నడుస్తుంటే కాలి కింద కిర్రుమంటుంది. ఇంటి నడుమ పొయ్యి, దాని పైన వేలాడగట్టిన అంతస్తుల్లో మాంసం, మిరపకాయలు, విత్తనాలు పొగకు ఆరుతుంటాయి. నాకు ఇంట్లో చోటిచ్చిన కుటుంబం అన్నం, ఉడికించిన ఆకుకూర, వెదురు చిగుళ్లు వేసి వండిన పంది మాంసం పెట్టింది. ఆది వాళ్లు బియ్యం పులియబెట్టి చేసే అపాంగ్ వెదురు గొట్టంలో పోసి ఇచ్చారు.

ఊళ్లో పెద్దమనిషి, అంటే గావ్‌బుఢా, సాయంత్రం ఎర్రకోటు వేసుకుని వచ్చాడు. ఆ ఎర్రకోటు ప్రభుత్వం ఊరిపెద్దకిచ్చే గుర్తు. నాతో వచ్చిన గైడ్ కుర్రాడు నా హిందీని ఆది భాషలోకి మార్చాడు. ఆ విమానం సంగతి ఊరికి కొత్త కాదని ఆయన మొదటి మాటగానే చెప్పాడు. కొండ మీదికి వేటకు వెళ్లేవాళ్లకు ఆ చోటు తెలుసు. లోహపు రేకు దొరికితే తెచ్చుకుని కత్తి ఒరకో, గిన్నెకో వాడుకున్నారు. "అది ఎవరిదో, ఎవరు అడగడానికి వస్తారో మాకేం తెలుసు?" అన్నాడాయన. తర్వాత లోపలికి వెళ్లి ఒక రేకు ముక్క తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అరచేయి వెడల్పు, అల్యూమినియం. ఒక అంచు చిరిగి పైకి వంగింది. మరో అంచున చిన్న చిన్న రివెట్ల వరస, ఒక్కోటీ మరోదానికి సమానదూరంలో, లోపలి వైపు పచ్చటి పూత ఇంకా కొంత మిగిలే ఉంది. తుప్పు పట్టకుండా ఆ రోజుల్లో విమానాల లోపల వేసిన పూత. ఆ వరసను ఏదో ఫ్యాక్టరీలో కొట్టిన చెయ్యి ఎవరిదో గాని పని మాత్రం చక్కటి పని. గొంతు పెగలక నేను ఆ ముక్కను తిప్పి తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని పొయ్యి మీది అంతస్తు పక్కన పెట్టాడు.

బయటి ప్రపంచానికి ఆ చోటు తెలిసింది 2006లో. క్లేటన్ కుల్స్ అనే అమెరికన్ పర్వతారోహకుడు ఏళ్లతరబడి హంప్ విమానాలు వెతుకుతూ ఇక్కడికి వచ్చాడు. డమ్రో వేటగాళ్లు దారి తీశారు. జలగలు, జారే రాతిపలకలు, మోకాలి లోతు ఆకుల కుళ్లు, నిట్టనిలువు కొండ దాటితే శకలాలు. అతను విమానం నంబర్లు చదివి, ఏ విమానమో తేల్చి, కుటుంబాలకు చెప్పాడు. నాకు ఇక్కడ వేటగాళ్ల మాట పెద్దగా వినపడాలనిపిస్తుంది. కనిపెట్టినవాడి పేరు పత్రికల్లో పడింది, సంతోషమే. ఆ కొండకు వాళ్లు లేకుండా దారి లేదు.

ఆ తర్వాత జరిగింది త్వరగా జరిగినది కాదు. చైనా సరిహద్దు దగ్గరి ప్రాంతం కావడంతో అనుమతులు ఏళ్లతరబడి ఆగాయి. 2015లో అమెరికన్ బృందం వచ్చి కొండ మీద తవ్వింది. అలాంటి చోట తవ్వడమంటే పురావస్తువాళ్ల పనే. గళ్లు గీసి, మట్టిని జల్లెడ పట్టి, వేలెడంత ఎముక, చొక్కా గుండీ, బూటు తోలు ఏరడం. 2016 ఏప్రిల్ 13న ఢిల్లీలో అప్పటి అమెరికా రక్షణమంత్రి ఆష్టన్ కార్టర్ సమక్షంలో ఆ అవశేషాలను గౌరవంగా సాగనంపారు. ప్రయోగశాలలో పరీక్షించి అవి రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌వని తేల్చారు. 2017 జూన్‌లో కాంకర్డ్‌లో ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. ఎక్కడో కనపడకుండా పోయిన సైనికుల పేర్లు చెక్కిన గోడలు మనీలాలోని అమెరికన్ సైనిక శ్మశానంలో ఉన్నాయి. మనిషి దొరికాడని తేలితే ఆ పేరు పక్కన చిన్న లోహపు పువ్వు బిగిస్తారు. ఆయన పేరు పక్కనా బిగించేది ఆ పువ్వే.

ఒక ఎముక కోసం ఇంత డబ్బూ ఇంత శ్రమా ఎందుకని అడిగేవాళ్లుంటారు. మన ఊళ్లో దినం చేసుకోలేని ఇళ్లు చూసినవాళ్లు అడగరు. శవం లేకపోతే పిండం పెట్టాలా వద్దా, బొట్టు తీయాలా ఉంచాలా, ఎదురు చూడాలా మానుకోవాలా అన్నది ఎవరూ చెప్పలేని ఇల్లు అది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద మబ్బులో మాయమయ్యాక మర్నాడు దాకా మన రాష్ట్రమంతా ఎట్లా ఉగ్గబట్టి కూర్చుందో గుర్తుంది కదా. అది ఒక్క రాత్రి. ఆక్స్‌ఫర్డ్ ఇంటివాళ్లది 73 ఏళ్లు.

ఇక వాతావరణం మాట. ఈ కొండల్లో ప్రమాదాలన్నిటికీ మబ్బునూ గాలినీ నిందిస్తే పని సులువుగా అయిపోతుంది. నేను ఒప్పుకోను. 1944 మొదట్లో హంప్ మీద రవాణా సేనకు టన్నుల లెక్క ఒకటే ధ్యాస. వాతావరణం బాగాలేదని ఆగడానికి అవకాశం తక్కువ, రాత్రుళ్లు కూడా నడిపేవాళ్లు. 650 గంటలు ఎగిరితే ఇంటికి పంపిస్తామనే నియమం ఉండేది. దాంతో కుర్రాళ్లు త్వరగా గంటలు పూర్తి చేసుకోవాలని అలసిన ఒళ్లతోనే ఎక్కేవాళ్లు. ఆ జనవరిలో ప్రతి వెయ్యి గంటల ప్రయాణానికి దాదాపు 2 ప్రమాదాలు. 1944 సెప్టెంబర్‌లో విలియం టన్నర్ అనే జనరల్ పగ్గాలు పట్టాడు. ముందు తనే విమానం నడిపి కొండలు దాటి చూశాడు. గంటలు 750 చేసి, కనీసం ఏడాది ఉండి తీరాలన్నాడు. దాంతో తొందరపడి లాభం లేకపోయింది. మరమ్మతులను వరసగా నడిచే పద్ధతిలో పెట్టాడు. విమానం ఎందుకు పడిందో ప్రతిసారీ విచారించేవాళ్లను నియమించాడు. ఏడాది తిరిగేసరికి ఆ 2 అనేది 0.3కి వచ్చింది. కొండలు అవే, మబ్బులు అవే, సరుకు అంతకు ముందుకన్నా ఎక్కువ. ఆ ఎనిమిదిమంది బాంబర్ దళంవాళ్లు గనక టన్నర్ నియమాలు వాళ్లకు నేరుగా వర్తించవు. అయినా, మబ్బులో పంపడం అనేది ఎవరో ఒకరు తీసుకునే నిర్ణయమని ఆ లెక్క చెప్పక చెబుతోంది.

తిరుగు ప్రయాణంలో మారియాంగ్ దాటాక వాన పట్టింది. ఒక మలుపులో కొండ జారి ఎర్రమట్టి రోడ్డు మీదికి వచ్చింది. సరిహద్దు రోడ్ల సంస్థ మనిషి ఒకాయన రెయిన్‌కోటు వేసుకుని, రోడ్డుకడ్డంగా తాడు కట్టించి నిలబడ్డాడు. మా డ్రైవర్ బతిమాలుతున్నాడు, చీకటి పడేలోగా పాసీఘాట్ చేరాలని. ఆ రెయిన్‌కోటు ఆయన ఫోనులో ఎవరితోనో తెలుగులో మాట్లాడటం విని నేను కిందికి దిగాను.

"ఏ ఊరండీ మీది?" అన్నాను.

"టెక్కలి దగ్గరండి. ఏటండి, మీరు ఇక్కడిదాకా ఎందుకొచ్చినారు?"

చెప్పాను. ఆయన తాడు వైపే చూస్తూ విన్నాడు. ఆ విమానం సంగతి ఆయనకు తెలియదు. కాని 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా బయలుదేరిన మన ఏఎన్-32 ఈ కొండల్లోనే కూలి 13 మంది పోయిన సంగతి తెలుసు. అప్పుడు ఆ శకలాలు దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. తర్వాత ఆయనే అన్నాడు, "మా విశాఖలో ఎన్‌ఏడీ వాళ్లది అంతకన్నా అన్యాయమండి" అని. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32 గురించి ఆయన అంటున్నది. 29 మందిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. శకలాలు చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో 3,400 మీటర్ల లోతున ఉన్నట్టు 2024 జనవరిలో చెప్పారు. అప్పటికి ఏడున్నరేళ్లు.

"ఎనిమిదిమంది. మీరు చెప్పిన దాంట్లోనూ ఎనిమిదిమందే కదండి" అన్నాడు.

మా డ్రైవర్ మళ్లీ వచ్చి అడిగాడు. వాన కొంచెం తగ్గిందని చూపించాడు. ఆయన తలెత్తి కొండ చరియ వైపు చూశాడు. పైన చిన్న రాళ్లు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. "రాయి ఆగేదాకా వదల్ను బాబూ. మీ ఇంటికి నేను జవాబు చెప్పలేను" అని హిందీలో డ్రైవర్‌తోనూ, నాతో తెలుగులోనూ చెప్పి, బుల్‌డోజర్ నడిపేవాడికి చెయ్యి ఊపాడు. మేమంతా బళ్ల పక్కన కూర్చుని వేడి టీ తాగాం. బుల్‌డోజర్ చీకటిపడే వేళకి దారి తీసింది. ఆయన బళ్లను ఒక్కొక్కటిగా, మధ్యలో ఎడం వదిలి పంపాడు.